పచ్చరంగు దారి

జనవరి రెండో వారంలో, మధ్యాహ్నం పన్నెండు నలభైకి హెలికాప్టర్ నన్ను మంచులో దింపింది. రెక్కలు ఆపలేదు. నా వెనకాలే రెండు నల్ల పెట్టెలు తోసి వెళ్లిపోయింది. ఒక్కో పెట్టె పద్దెనిమిది కిలోలు. ఒకదాంట్లో కంప్యూటర్లు రెండు, ఇంకోదాంట్లో బ్యాటరీలు, గాలి వేగం కొలిచే పరికరాలు. ఎత్తు పదిహేను వేల అడుగులు. చలి మైనస్ పద్దెనిమిది. కింద బేస్‌లో పద్నాలుగు రోజులుంచి ఒళ్లు అలవాటు చేయించే పంపారు. అయినా ఒక పెట్టె ఎత్తి నాలుగడుగులు వేసేసరికి కళ్లు బైర్లు కమ్మాయి.

నన్ను తీసుకెళ్లడానికి ఒక సుబేదార్ వచ్చాడు. కొండ ప్రాంతం మనిషి. నలభై ఎనిమిదేళ్లు. మొహం ఎండిన అల్లంకొమ్ములా ఉంది. పెట్టెల వైపు చూసి, "జాతకం చెప్పేది ఇదేనా?" అన్నాడు.

"జాతకం కాదు సాబ్. లెక్క చెబుతుంది."

"మా ఊరి పండితుడు కూడా అదే అంటాడు. లెక్కేనంటాడు."

అప్పటినుంచి ఆ పోస్టింగులో నా కంప్యూటర్ పేరు పండిట్‌జీ. టీ తాగుతూ జవాన్లు అడిగేవాళ్లు, "ఇవాళ ముహూర్తం ఎలా ఉందిట?"

భవానీపురంలో మా అపార్టుమెంటు వాళ్లకి నేను ఆర్మీలో చేశానని తెలుసు. ఏం చేశానో తెలియదు. "బోర్డర్లో కాల్పులు చూశారాండీ?" అని అడుగుతారు. ఆ మూడు నెలల్లో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. నా పని కుర్చీలోనే. కమాండర్ ఒక నిర్ణయం తీసుకోవాలి. గస్తీని ఏ దారిన పంపాలి, ఎన్ని గంటలు పడుతుంది, ఎదుటివాళ్ల పోస్టు నుంచి ఏ వాలు కనపడుతుంది, ఎక్కడ మంచు జారొచ్చు? మంచు లోతు, గాలి, చలి, మోసే బరువు, మనుషుల సంఖ్య ఇవన్నీ నేను ఎక్కిస్తే ప్రోగ్రాం రెండు మూడు దారులు గీసి చూపిస్తుంది. ఫర్వాలేదంటే పచ్చరంగు. ఆలోచించమంటే పసుపు. వద్దంటే ఎరుపు. నిర్ణయం అది తీసుకోదు. శిక్షణలో ఆ మాట పదేపదే చెప్పారు. నిర్ణయం కమాండర్‌దే.

ఆపరేషన్ బంకర్ పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఒక మూల కిరోసిన్ బుఖారీ, అంటే చలి కాచుకునే పొయ్యి. ఒక గోడ పక్కన రేడియో సెట్లు. ఇంకో పక్కన నా బల్ల. నడుమ నేలమీద సుబేదార్ చేసిన మట్టి మోడల్. మట్టి, రంపపు పొట్టు, సున్నం. మంచు పడిన చోటల్లా సున్నం చల్లేవాడు. దారులకి రంగు దారాలు, పోస్టులకి అగ్గిపుల్లలు. అది అతని అయిదో శీతాకాలం. ఏ రాయి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలడు. కల్నల్ రోజూ ఉదయం ఏడున్నరకి వచ్చి ముందు మట్టిని చూసేవారు. తర్వాత నా తెర చూసేవారు. రెండూ ఒకే మాట చెబితే ఒక్క నిమిషంలో వెళ్లిపోయేవారు. వేరు వేరుగా చెబితే కూర్చునేవారు.

మాది ఉయ్యూరు. మా వైపు ఎత్తంటే కాలవ గట్టు. లేదంటే చెరుకు లోడు ట్రాక్టరు. ఆ సంగతి చెబితే సుబేదార్ నమ్మలేదు.

"అసలు కొండే లేదా?"

"బెజవాడలో ఉన్నాయి సాబ్. మా ఊళ్లో లేవు. బల్లపరుపు. పొలం గట్టున నిలబడితే మూడో ఊళ్లో వస్తున్న బస్సు కనపడుతుంది."

"మరి శత్రువు వస్తే ఎక్కడ దాక్కుంటారు?"

"చెరుకు తోటలో."

అంత పెద్దగా అతను నవ్వడం అదే మొదలు.

మా అజమాయిషీ కింద అయిదు చిన్న పోస్టులు. అన్నిటికంటే పైది పదిహేడు వేల ఆరొందల అడుగుల మీద ఉంది. అక్కడ తొమ్మిది మంది. వాళ్లలో రేడియో ఆపరేటర్ తెలుగువాడు. నేను చేరిన మూడో రోజు సాయంత్రం అయిదున్నర రిపోర్టులో గాలి, చలి, మంచు లోతు హిందీలో చదివి, చివర్న చిన్నగా, "అన్నయ్యా, మీది బెజవాడట కదా?" అన్నాడు.

రెండు వారాలుగా తెలుగు ముక్క చెవిన పడలేదు.

"ఉయ్యూరు. నీది?"

"ఇబ్రహీంపట్నం. ఫెర్రీ దగ్గర ఇల్లు. ఓవర్."

రేడియోలో సొంత మాటలు మాట్లాడకూడదు. అది రూలు. సుబేదార్ పక్కనే ఉన్నాడు. నా మొహం చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. "రెండు నిమిషాలు. ఊరి సంగతులే. పోస్టు సంగతి ఒక్కటి దొర్లినా సెట్టు లాగేస్తా," అని టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అయిదున్నరకి అతనికి టీ తాగాలనిపించేది.

ఆ రెండు నిమిషాల్లో మేం పెద్ద విషయాలేవీ మాట్లాడుకోలేదు. వాడికి ఇరవై ఏడేళ్లు. పెళ్లి కాలేదు. తల్లీ తండ్రీ లేరు. అక్క పెంచింది. ఆవిడ స్కూల్లో టీచరు. అన్నిటికంటే వాడికి గుర్తొచ్చేది ఎండ.

"అన్నయ్యా, రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చాప తడిపి గచ్చు మీద వేసుకుని పడుకుంటాం చూడండి. వీపుకి చెమట. ఆ చెమట కావాలి నాకిప్పుడు."

"ఇక్కడి చలి అక్కడికి, అక్కడి ఎండ ఇక్కడికి పార్సిల్ చేస్తే సరి."

"చేపల పులుసు కూడా కట్టమనండి. మా అక్క పులుసు వండిన రోజు తినదు. మర్నాడు పొద్దున తింటుంది. నన్నూ తిననిచ్చేది కాదు. రాత్రంతా దాని వాసనకి నిద్ర పట్టేది కాదు. ఓవర్."

ఇంకో రోజు నన్ను అడిగాడు. "మీకేం గుర్తొస్తుంది అన్నయ్యా?"

నేను ఆలోచించాను. నా భార్య, ఆరేళ్ల కూతురు భవానీపురంలో ఉన్నారు. వాళ్లు గుర్తొస్తారని చెప్పక్కర్లేదు. "చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో ఉయ్యూరులో బస్సు దిగగానే కొట్టే మడ్డి వాసన," అన్నాను. "చిన్నప్పుడు ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు ముక్కు పెద్దది చేసుకుని వెతుకుతున్నా. మంచుకి వాసన ఉండదు తమ్ముడూ."

"ఉండదు అన్నయ్యా. అదే దీంట్లో దరిద్రం."

నిజం చెప్పాలంటే నా రోజంతా ఆ అయిదున్నర కోసమే గడిచేది. నాలుగింటికి బ్యాటరీలు వేడిచేసుకోవాలి. చలికి చచ్చిపోతాయి. వాటిని చొక్కా లోపల పొట్టకి కట్టుకుని కూర్చునేవాణ్ణి. నాలుగున్నరకి కొలతలు. అయిదుకి రిపోర్టులు మొదలు. కింద పోస్టు నుంచి పై పోస్టు వరకు వరసగా. వాడిది చివర. ముందు నాలుగు పోస్టుల అంకెలు రాసుకుంటున్నా చెవి అయిదో గొంతు కోసమే ఉండేది.

పై పోస్టుకి మాకూ మధ్య దారులు రెండు. ఒకటి నాలా. అంటే రెండు కొండల సందున పడిన లోయ. దగ్గర దారి. ఎదుటివాళ్లకి కనపడదు. కాని పైనుంచి మంచు జారితే తప్పించుకునే చోటుండదు. రెండోది కొండ వెన్ను మీద నడిచే దారి. దాన్ని నేను గట్టు దారి అనేవాణ్ణి. దూరం. గాలి. అందులో మూడొందల మీటర్లు ఎదుటి పోస్టుకి సూటిగా కనపడుతుంది.

నాలా తల దగ్గర మంచు లోతు కొలిచే కర్ర ఒకటి పాతారు. కరెంటు కర్ర. దానంతటదే అంకె పంపుతుంది. ఫిబ్రవరి మూడో వారంలో ఒక ఉదయం ఆ అంకె రాలేదు. గడ్డకట్టి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలితే ప్రోగ్రాం ముందుకి కదలదు. ముందు రోజు అంకె వేశాను. పక్కన రిమార్కులో 'పాత కొలత' అని రాశాను. మర్నాడూ రాలేదు. మళ్లీ అదే అంకె. ఆ రోజు రిమార్కు రాయలేదు. మూడో రోజూ అంతే. బద్ధకం కాదు. చేతులు కొంకర్లు పోయేవి. గస్తీలు ఆ వారం నాలా వైపు లేవు. ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

ఆ రెండో రోజు సాయంత్రం తమ్ముడు ఒక మాట అన్నాడు. పోస్టు సంగతులు మాట్లాడకూడదు. కాని అది పోస్టు సంగతి అని మా ఇద్దరికీ తోచలేదు.

"పొద్దున నీళ్ల కోసం మంచు తవ్వడానికి నాలా పైదాకా వెళ్లాను అన్నయ్యా. కాలు వేస్తుంటే ఖాళీ డ్రమ్ము మీద నడిచినట్టుంది. కింద డొల్ల. భయమేసి వెనక్కొచ్చేశా."

"జాగ్రత్త," అన్నాను. అంతే. నా ప్రోగ్రాంలో డ్రమ్ము చప్పుడు ఎక్కించే గడి లేదు.

మూడో రోజు సాయంత్రం వాడు రిపోర్టు చదువుతూ రెండుసార్లు ఆగి దగ్గాడు.

"ఏంటా దగ్గు?"

"గొంతు పట్టేసింది. మిరియాల చారు తాగితే పోతుంది. పంపండి."

"పార్సిల్ చేస్తున్నా. ఓవర్."

నవ్వుకున్నాం. ఆ ఎత్తులో దగ్గంటే ఏమిటో నాకు తెలుసు. అందరికీ పాఠం చెప్పే పంపారు. అయినా నవ్వాను.

మర్నాడు ఉదయం ఏడు గంటలకి పై పోస్టు నుంచి వేరే గొంతు పలికింది. నర్సింగ్ అసిస్టెంట్. డాక్టరు కాదు, వైద్యం నేర్చుకున్న జవాను.

"ఆపరేటర్‌కి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెదాలు నీలం. నురగ పడుతోంది. ఆక్సిజన్ పెట్టాను. సిలిండర్లు రెండే ఉన్నాయి. ఆరు గంటలు వస్తాయి. కిందికి దించాలి. ఓవర్."

ఏడూ పదికి కల్నల్ బంకర్లోకి వచ్చారు. స్వెట్టర్ బొత్తాలు తప్పు పెట్టుకున్నారు. వెనకాల మా డాక్టరు. హెలికాప్టర్ అడిగారు. మబ్బు లోయ నిండా ఉంది. ఆ రోజూ రాదు, మర్నాడూ నమ్మకం లేదన్నారు. మిగిలింది స్ట్రెచర్. పైన తొమ్మిది మంది. ఇద్దరు పోస్టు విడిచి రాకూడదు. ఆరుగురు మోసుకుని దిగాలి. కింద నుంచి ఆరుగురు ఆక్సిజన్‌తో ఎదురెళ్లాలి. మొత్తం పన్నెండు మంది మంచు మీద.

"దారులు," అన్నారు కల్నల్.

ఏడున్నరకి తెర మీద రెండు గీతలు వచ్చాయి. నాలా: మూడు గంటల పది నిమిషాలు, పచ్చరంగు. గట్టు: ఏడు గంటల ఇరవై నిమిషాలు, పసుపు. కనపడే మూడొందల మీటర్లు ఎరుపు.

"డాక్టర్, ఎంత టైముంది?"

"మూడు గంటల్లో నా చేతికొస్తే మంచి అవకాశం ఉంది సర్. ఏడు గంటలంటే చెప్పలేను."

కల్నల్ నా భుజం మీదుగా తెర చూస్తున్నారు. పచ్చగీత కళ్లకి చల్లగా ఉంది. మా డెల్టాలో నాట్లు పడ్డాక కనపడే పచ్చ. ఆ గీత పట్టుకుని తమ్ముడు పదిన్నర, పదకొండుకల్లా నా పక్కన ఉంటాడు. నేను నోరు మూసుకుంటే చాలు.

"సర్," అన్నాను. "ఆ పచ్చ నమ్మకండి."

"ఏంటి?"

"నాలా కర్ర మూడు రోజులుగా పనిచెయ్యట్లేదు సర్. అంకె నేను చేత్తో వేశాను. పాతది. మొదటి రోజు రాశాను. తర్వాత రాయలేదు. తప్పు నాది."

కల్నల్ తెర మీంచి చూపు నా మీదకి తిప్పారు.

"అయితే అక్కడ మంచు ఎలా ఉందో నీకు తెలియదు."

"కొలత తెలియదు సర్. ఒక మాట తెలుసు. మొన్న పొద్దున అక్కడ నడిచినతను చెప్పాడు. కింద డొల్లగా ఉంది, ఖాళీ డ్రమ్ములా చప్పుడొస్తోంది అని."

సుబేదార్ మట్టి మోడల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. తలెత్తాడు. "ఆ మాటే అన్నాడా? డ్రమ్ము?"

"అదే మాట సాబ్."

"ఎవడు నడిచింది?" అన్నారు కల్నల్.

"పేషెంటే సర్."

ఆయన తన కుర్చీలో కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. సుబేదార్ అప్పుడు మోడల్ మీదకి వంగి కొండ వెన్ను సగంలో వేలు పెట్టాడు. మ్యాపులో ఏమీ లేని చోటు.

"ఇక్కడ నలభై మీటర్ల గోడ ఉంది సర్. కింద చదును. నా రెండో శీతాకాలంలో తాడు కట్టి సామాను దింపాం. స్ట్రెచర్ కూడా దిగుతుంది. చుట్టు తిరగాల్సిన పని తప్పుతుంది. తాడు నేను కడతాను."

"మీరు ఎక్కగలరా సాబ్?" అన్నారు కల్నల్.

"మోడల్ చేసింది నేనే కదా సర్."

ఆ దారిని నేను పండిట్‌జీకి చేత్తో గీశాను. తాడు పనికి సుబేదార్ చెప్పిన ఇరవై అయిదు నిమిషాలు వేశాను. అయిదు గంటల నలభై నిమిషాలని చెప్పింది. ఎరుపు ముక్క అలాగే ఉంది.

"ఎదుటివాళ్లకి కనపడతారు సర్," అన్నాను.

"కనపడనీ. స్ట్రెచర్ మోస్తున్న మనుషుల్ని చూడనీ." ఆయన లేచారు. గడియారం చూశారు. "ఏడు యాభై రెండు. గట్టు దారి. తాడు. నిర్ణయం నాది. లాగ్‌లో అలాగే రాయి."

రాశాను.

ఎనిమిదీ ఇరవైకి సుబేదార్ అయిదుగురితో బయల్దేరాడు. ఎనిమిదిన్నరకి పైనుంచి స్ట్రెచర్ కదిలింది. కదిలేముందు నర్సింగ్ అసిస్టెంట్ సెట్టు ఆన్ చేసి, "ఏదో అంటున్నాడు. మీ భాష. నాకు అర్థం కాలేదు," అన్నాడు. వెనకాల గాలి. మాస్కులోంచి గరగర శబ్దం. నేను "తమ్ముడూ, నేనే, చెప్పు" అన్నాను. రెండోసారీ అన్నాను. మాట తెలియలేదు.

తర్వాత బైనాక్యులర్లతో బయట నిలబడ్డాను. మబ్బు తొలగినప్పుడల్లా కొండ వెన్ను మీద చిన్న నల్ల చుక్కలు. పదిహేను నిమిషాలకోసారి ఆగేవి. భుజం మార్చుకునేవి. కదిలేవి. పదకొండూ నలభైకి ఆ మూడొందల మీటర్లలోకి వచ్చాయి. ఎదుటి పోస్టు నుంచి ఏ చప్పుడూ రాలేదు. వాళ్లూ బైనాక్యులర్లు పట్టుకుని చూస్తూనే ఉండి ఉంటారు. పన్నెండూ పదికి దాటేశారు.

ఒంటిగంటకి రెండు బృందాలూ తాడు దగ్గర కలిశాయి. కొత్త సిలిండర్ పెట్టారు. తాడు మంచుకి కర్రలా బిగుసుకుపోయింది. ఇరవై అయిదు నిమిషాల పని గంటా పది నిమిషాలు పట్టింది. ఆ అంకె కూడా నేను ఎక్కించిందే. రెండూ పదికి సుబేదార్ గొంతు: "కిందికి దింపాం. కదులుతున్నాం. ఓవర్."

రెండూ యాభైకి మళ్లీ ఆయనే. ఈసారి ఓవర్ అనలేదు. "ఆంధ్రా టూ అయిపోయాడు," అన్నాడు. నన్ను ఆంధ్రా వన్ అని, వాణ్ణి ఆంధ్రా టూ అని పిలిచేవాడు.

నాలుగూ అయిదుకి వాళ్లు చేరారు.

ఆ సాయంత్రం కల్నల్ నన్ను పిలిచారు. నిలబెట్టే మాట్లాడారు. "రిమార్కు రాయకపోవడం నీ తప్పు. అది నీ రికార్డులో ఉంటుంది. దారి నిర్ణయం నాది. దాన్ని నువ్వు ఇంటికి మోసుకెళ్లకు. అర్థమైందా?"

"అర్థమైంది సర్."

అర్థమైంది. కాని మోసుకొచ్చాను.

ఆ రోజు నాలా జారలేదు. మర్నాడూ జారలేదు. ఆరో రోజు పదకొండూ ఇరవైకి, బాగా ఎండ కాసినప్పుడు, మొత్తం ఊడి కిందికొచ్చింది. బంకర్లో మట్టి మోడల్ మీద సున్నం రాలింది. బయటికి పరిగెత్తి చూశాం. లోయ సగం పూడిపోయింది. సుబేదార్ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆయన ఉద్దేశం నాకు తెలుసు. కాని అది ఆరో రోజు. మొదటి రోజు పన్నెండు మంది కాళ్ల కింద ఏమయ్యేదో ఏ తెరా చెప్పదు. డాక్టర్ని అడిగాను, మూడు గంటల్లో వస్తే బతికేవాడా అని. "బతకొచ్చు. బతక్కపోవచ్చు. నన్ను అంకె అడగకు," అన్నాడు.

ఏప్రిల్ మొదట్లో నా టర్ను అయిపోయింది. వెళ్లేరోజు సుబేదార్ తన టీ గ్లాసు నాకిచ్చాడు. ఆ ఏడే ఆయన రిటైరయ్యాడు. పండిట్‌జీ నా తర్వాత వచ్చినవాడికి అప్పగించాను. వెళ్లేముందు ప్రతి అంకె పక్కనా ఒక కొత్త గడి పెట్టించాను: ఈ కొలత ఎప్పటిది, ఎవరు చూశారు.

రైలు కొండపల్లి దాటింది. థర్మల్ చిమ్నీలు కనపడ్డాయి. పెట్టెలో అందరూ లేచి సామాన్లు దించుకుంటున్నారు. పొద్దున ఎనిమిదికే ఉక్క మొదలైంది. వీపంతా తడిసింది. నేను లేవలేకపోయాను. ఎవరో పెద్దాయన, "ఏమండీ, బెజవాడ వచ్చేస్తోంది, దిగరా?" అని భుజం తట్టారు.

ఇంట్లో సాయంత్రం అయిదున్నరయ్యేసరికి ఊరికే లేచి అటూ ఇటూ తిరిగేవాణ్ణి. నా భార్య నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు అడిగింది. "ఎవరైనా వస్తానన్నారాండీ?"

"లేదు."

"మరి రోజూ ఆ టైముకి గుమ్మం దాకా వెళ్లి వస్తారేం?"

చెప్పాను. మొత్తం చెప్పాను. తను లేచి గుమ్మం తలుపు దగ్గరికేసింది. తర్వాత, "ఇబ్రహీంపట్నం ఎంత దూరం? అరగంట. రేపు వెళ్లి రండి. వెళ్లకపోతే మీరు ఇంటికొచ్చినట్టు కాదు," అంది.

ఫెర్రీ దగ్గర ఇల్లు అడిగితే చూపించారు. రెండు గదులు, ముందు వరండా. ఆదివారం. అక్కగారు వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. నేను పేరు చెప్పాను. ఆవిడ ఎర్ర పెన్నుకి క్యాప్ పెట్టారు.

"ఉయ్యూరు అన్నయ్యా?"

"అవునండి."

"రండి. కూర్చోండి."

కాఫీ తెచ్చారు. నేను గ్లాసు ముట్టుకోలేదు. బస్సులో అనుకున్న వరస అంతా పోయింది. "అక్కగారూ, దగ్గర దారి ఒకటి ఉందండి," అని మొదలుపెట్టాను. "మూడు గంటల దారి. వద్దని చెప్పింది నేనే." పాత అంకె సంగతి, పచ్చరంగు, తాడు, ఆరో రోజు జారిన మంచు, ఏదీ దాచలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. మొహం మాత్రం నా వైపు లేదు. పేపర్ల కట్ట మీద ఉంది.

చివర్న అడిగారు. "ఆ దారి బాగోలేదని మీకెలా తెలిసింది?"

"మీ తమ్ముడే చెప్పాడండి. అంతకు ముందే."

"వాడే చెప్పాడా?"

"వాడే."

ఆవిడ పెదవులు బిగించుకున్నారు. పేపర్ల కట్ట సరిచేశారు.

"మిగతా పన్నెండు మంది ఇళ్లకి వెళ్లారా?"

"వెళ్లారండి."

"అందరూనా?"

"అందరూ."

తల ఊపారు. క్లాసులో పిల్లవాడు సరైన జవాబు చెప్పినప్పుడు ఊపినట్టు ఒకేసారి. "కాఫీ చల్లారిపోయింది. ఉండండి, వేడి చేసి తెస్తాను," అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లారు. లోపల కుళాయి తిప్పిన శబ్దం. ఎంతసేపటికీ కట్టెయ్యలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాఫీ పొగలు కక్కుతోంది. "భోంచేసి వెళ్లండి," అన్నారు. చేశాను.

ఇప్పుడు కాలవల లెవెల్స్ తీసే ఒక సర్వే ఆఫీసులో పనిచేస్తున్నాను. మా నేల వాలు సెంటీమీటర్లలో కొలవాలి. ప్రతి అంకె పక్కనా తారీఖు రాస్తాను. కుర్రాళ్లు చాదస్తమంటారు. అననీ.

అక్కగారింటికి నెలకోసారి వెళ్తాను. అన్నీ చెప్పానన్నాను కదా. ఒకటి చెప్పలేదు.

ఆ రోజు నాలుగూ అయిదుకి స్ట్రెచర్ బంకర్ ముందు దించినప్పుడు తమ్ముడి మొహం మీద మాస్కు అలాగే ఉంది. ప్రాణం పోయి గంటా పావు. సిలిండర్ ఎవరూ కట్టెయ్యలేదు. గాలి సన్నగా కూస్తూనే ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ ఆ దూరమంతా స్ట్రెచర్ పక్కనే నడుస్తూ మాస్కు జారకుండా ఒక చేత్తో నొక్కిపట్టుకుని వచ్చాడు. దించాక కూడా మోకాళ్ల మీద కూర్చుని అలాగే పట్టుకున్నాడు. డాక్టరు వంగి సిలిండర్ కట్టేశాడు. "చెయ్యి తియ్యి బాబూ," అన్నాడు.

"రావట్లేదు సర్," అన్నాడు అతను.

చలికి చెయ్యి బిగుసుకుపోయింది. నేను అతని ఎదురుగా కూర్చున్నాను. గ్లౌజు మీద మంచు దులిపాను. నా రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ విప్పాను. బొటనవేలు అన్నిటికంటే ఆఖర్న వచ్చింది.